ఆపద్ధర్మ కేషా

ఇన్నొకెంతీ సావిచ్ లూచిన్ ఇంట్లో టెలిఫోను మోగిందంటే ఎవరికో ఒంట్లో బాగాలేదన్నమాట. లేదా ఎవడో మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు, లేదా నిన్న తాగింది ఇంకా దిగలేదు, లేదా పెళ్ళాంతో పోట్లాడి పొద్దున్నే రైలెక్కేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ టెలిఫోను ఆయనకు ఒక్క మంచి కబురు మోసుకొచ్చిన పాపాన పోలేదు. "కేషా, నాయనా..." అని అవతల నుంచి ఆల్బినా ఫ్యోదొరొవ్నా గొంతు సాగేది. మా ఊరి నాటకశాలలో ఏ సాయంత్రం ఏ నాటకం, ఎవరికి ఏ వేషం అని పట్టీ వేసేది ఆవిడే. ఆ "నాయనా" చెవిన పడగానే కేషా భార్య తైసియా పొయ్యి మీద సూపు దించేసేది. ఆ పూట మొగుడు భోజనానికి కూర్చోడని ఆమెకు తెలుసు.

కేషా అనేది ఇన్నొకెంతీకి ముద్దుపేరు. అరవై ఏళ్ళొచ్చినా ఆయన నాటకశాలలో కేషాగానే ఉండిపోయాడు. కొత్తగా చేరిన కుర్రనటులు మొదటి నెల తండ్రిపేరు కలిపి "ఇన్నొకెంతీ సావిచ్" అని మర్యాదగా పిలిచేవారు. రెండో నెలకల్లా వాళ్ళకూ కేషానే. పెద్ద నటులను అలా పిలవమనండి చూద్దాం, నాలుక తెగుతుంది.

మా ఉవార్స్క్‌లో చెప్పుకోవడానికి ఉన్నవి మూడు. కలప మిల్లు, నది, నాటకశాల. మిల్లు ఎప్పుడు మూతపడుతుందో తెలియదు, నది ఏడాదిలో సగం గడ్డకట్టి ఉంటుంది. అందుకని మా గొప్పలన్నీ నాటకశాల మీదే. దాన్ని 1866లో ఒక కలప వర్తకుడు కట్టించాడు. ఆ మహానుభావుడు ఒక నాటకం రాశాడు, పేరు "ముసలి వర్తకుడు." పెద్ద ఊళ్ళలో దాన్ని ఆడేవాడు ఎవడూ దొరక్కపోయేసరికి ఏకంగా నాటకశాలే కట్టించి ఆడించుకున్నాడు. ఉన్నవాడి పంతం అలా ఉంటుంది. చెక్క కట్టడం ఓసారి తగలబడింది, ఇటుకలతో మళ్ళీ లేచింది. అంతర్యుద్ధంలో ఒక నెల తెల్లసైన్యం, మరో నెల ఎర్రసైన్యం వచ్చి అవే ముందు వరసల్లో కూర్చుని అదే నాటకం చూశాయి. టైఫస్ రోగులను దాని మేడమెట్ల మీద పడుకోబెట్టారు. హిట్లరు యుద్ధంలో ఫ్యాక్టరీ ఆడవాళ్ళు షిఫ్టు దిగి, ఉన్నిబూట్లతోనే వచ్చి కూర్చుని, మొదటి అంకంలోనే నిద్రపోయి, చివర లేచి చప్పట్లు కొట్టి వెళ్ళేవారట. ఏం జరిగినా పదేళ్ళకోసారి వార్షికోత్సవానికి "ముసలి వర్తకుడు" మాత్రం ఆడి తీరాలి. మా ఊరికి అదొక మొక్కు.

కేషా 1958లో ఇక్కడికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళు, ఒక అట్టపెట్టె, బోలెడు జుట్టు. నాయకుడి వేషాలు కడదామని వచ్చాడు. వచ్చిన మూడో వారంలో ఒక నటుడికి కడుపునొప్పి వచ్చి ఆపరేషనుకు తీసుకుపోయారు. మర్నాడు సాయంత్రం ఆట. టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. ఎవరు చేస్తారంటే అందరూ బూట్లకేసి చూసుకుంటుంటే ఈ కుర్రాడు చెయ్యెత్తాడు. ఇరవై గంటల్లో నూట నలభై సంభాషణల వేషం కంఠతా పట్టి, తడబడకుండా ఆడేశాడు. అప్పటి ముఖ్య దర్శకుడు కౌగలించుకుని, "నువ్వు మాకు దేవుడిచ్చిన బిడ్డవురా" అన్నాడు. ఆ కౌగిలే కేషా కొంప ముంచింది.

అది మొదలు. ఎవరు పడిపోయినా కేషా. నాటకశాలలో వాటిని ఆపద్ధర్మ వేషాలు అనేవారు, ఈయన్ని ఆపద్ధర్మ కేషా అన్నారు. పొద్దున పిలిస్తే సాయంత్రానికి సిద్ధం. ఓసారి నాలుగు గంటల్లో. ఓసారైతే మొదటి అంకం నడుస్తుండగా రెండో అంకం వేషం నేర్చుకున్నాడు. వేదిక పక్క వింగులో, నిప్పంటుకోకుండా కాపలా కాసే మంటల డ్యూటీ మనిషి పక్కన ఇసుక బకెట్టు మీద కూర్చుని పెదాలు కదిపాడు.

మాటలు గుర్తుపెట్టుకోవడం ఇందులో తేలిక భాగం. అసలు కష్టం వేరే ఉంది. నీ పక్క నటి నలభై ఆటలుగా ఒకడి భుజం ఎక్కడుంటే అక్కడ తల ఆన్చడం అలవాటు చేసుకుంది. నీ భుజం జానెడు ఇవతల ఉంటే ఆమె తల గాల్లో వేలాడుతుంది. వాడు ఎడమకాలి మీద లేస్తే నువ్వూ ఎడమకాలి మీదే లేవాలి. వాడు ఎక్కడ దగ్గుతాడో అక్కడే దగ్గాలి, ఎందుకంటే ఆ దగ్గు వినే అవతలివాడు తలుపు తీస్తాడు. వాడి అడుగులో అడుగు వెయ్యాలి, నీ అడుగంటూ ఉండకూడదు. అందుకని కేషా, వేషం లేని రోజు కూడా వింగులో నిలబడి చూసేవాడు. ఎవరి చెయ్యి ఎలా లేస్తుంది, ఎవరు ఎక్కడ ఊపిరి పీలుస్తారు, ఎవరి కనుబొమ్మ ఏ మాటకు కదులుతుంది. నాటకశాలలో ఉన్న ఇరవై ఎనిమిది మంది నటులనూ ఆయన ఒంటి మీద మోసుకు తిరిగేవాడు.

ఇంత చేస్తే ఒరిగిందేమిటి? ప్రోగ్రాం కాగితాల మీద జబ్బుపడ్డవాడి పేరే అచ్చులో ఉండేది. తైసియా అక్కడే టికెట్లు చించి, ప్రోగ్రాం కాగితాలు అమ్మేది. పెళ్ళైన కొత్తలో ఆమె ప్రతి కాగితం మీదా అచ్చుపేరు కొట్టేసి, పెన్నుతో "ఇ. లూచిన్" అని రాసేది. మూడు వందల కాగితాలు. చేతివేళ్ళు వాచేవి. కొన్నాళ్ళకు పై నుంచి, కాగితాలు పాడుచెయ్యొద్దని మాట వచ్చింది. దాంతో అదీ పోయింది. "గౌరవ నటుడు" బిరుదుకు ఆయన పేరు రెండుసార్లు పంపారు, రెండుసార్లూ తిరిగొచ్చింది. అచ్చయిన పాత్రల జాబితా అడిగారు వాళ్ళు. జాబితాలో ఏముంటుంది? రెండో నౌకరు, మూడో అతిథి, గుంపులో ఒకడు. కూరలో కరివేపాకు. వాసన కావాలి, తినేటప్పుడు తీసి పక్కన పెడతారు.

ఆయనకు కావలసింది పెద్దదేమీ కాదు. ఒకే ఒక్క వేషం. మొదటి రోజు అందరూ బల్ల చుట్టూ కూర్చుని నాటకం చదువుకునే దగ్గర నుంచి తనదే అయిన వేషం. అంతకుముందు ఎవడి చెమటా పట్టని చొక్కా. పోస్టరు మీద అచ్చులో పేరు. అంతే. దానికే ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది.

దొరకలేదా అంటే, దొరికినట్టే దొరికి పోయింది. 1967లో మంచి వేషం ఇచ్చారు, రెండు నెలలు రిహార్సల్స్ చేశాడు. మొదటి ఆటకు పది రోజుల ముందు పక్క జిల్లాలో తిరుగుతున్న మన బృందంలో ఎవడికో కామెర్లు వచ్చాయి. "కేషా, నాయనా." వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి వేషం ఇంకొకడి ఒంటి మీద ఉంది. 1979లో ఇంకో నాటకం ఇచ్చారు, దాన్ని పైవాళ్ళు మొదటి ఆటకు ముందే ఆపేశారు. పట్టుకున్న కొమ్మల్లా విరిగింది. యాభయ్యో పుట్టినరోజుకు నటుడి పేరు మీద గౌరవ ప్రదర్శన వేయడం నాటకశాలలో ఆనవాయితీ. ఆయన యాభయ్యో పుట్టినరోజు సాయంత్రం ఆయన ఎక్కడున్నాడంటారు? జ్వరంతో పడుకున్న ఒక కుర్రాడి బదులు పిల్లల నాటకంలో నక్క వేషంలో ఉన్నాడు. తోక కూడా ఉంది.

కోపం రాలేదా? వచ్చింది. ఓసారి ధైర్యం చేసి గ్లెబ్ లెదెన్యోవ్ దగ్గరికి వెళ్ళాడు. లెదెన్యోవ్ అంటే మా నాటకశాలలో అందరికంటే పెద్ద నటుడు, మా ఊరికి దేవుడు. బజార్లో నడిచి వెళ్తుంటే చేపలమ్మే ఆడవాళ్ళు లేచి నిలబడేవారు. "గ్లెబ్ అరిస్తార్ఖొవిచ్, ఒక వేషం మనిద్దరం వంతులు వేసుకుందాం, నెలకొక్క ఆట నాకివ్వండి చాలు" అని అడిగాడు. లెదెన్యోవ్ మంచివాడే. నిజంగా ప్రేమగానే కేషా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు ఎప్పుడూ వింగులోనే ఉండాలి కేషా. నువ్వక్కడ ఉన్నావన్న ధైర్యంతోనే నేను హాయిగా జబ్బుపడుతున్నాను."

కేషా నవ్వేశాడు. ఇంటికొచ్చి తైసియాతో చెబితే ఆమె నవ్వలేదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది చెబితే తైసియాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 1976, నూట పదో వార్షికోత్సవం. "ముసలి వర్తకుడు"లో వర్తకుడు లెదెన్యోవ్. రెండో ఆట నాడు ఆయన గొంతు పూర్తిగా పోయింది. కేషా ఆ గడ్డం, ఆ పొడుగు కోటు తగిలించుకుని ఆడాడు. ఆట అయ్యాక ఒక పెద్దావిడ పూలు పట్టుకుని లోపలికి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "గ్లెబ్ అరిస్తార్ఖొవిచ్, మీరు ఈ రోజు చేసినట్టు ఎప్పుడూ చెయ్యలేదు" అని చెయ్యి ముద్దుపెట్టుకుంది. నేను ఆయన్ని కాదమ్మా అని చెప్పడానికి కేషాకు నోరు రాలేదు. మర్నాడు ఆ పూలు తీసుకెళ్ళి ఆసుపత్రిలో లెదెన్యోవ్‌కు ఇచ్చొచ్చాడు. ఇవ్వకుండా ఇంట్లో పెట్టుకుంటే దొంగతనమట. తైసియా రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

లెదెన్యోవ్ 1991లో పోయాడు. అప్పటికి దేశమూ పోయింది, జీతాలూ ఎప్పుడొస్తాయో తెలియని రోజులు వచ్చాయి. ముఖ్య దర్శకులు ఏడాదికొకరు మారారు. చివరికి వదీమ్ ఎర్నెస్తొవిచ్ అని నలభై ఏళ్ళ మనిషి నిలబడ్డాడు. సన్నగా, ఎప్పుడూ చలేస్తున్నట్టు మెడకు మఫ్లరు చుట్టుకుని ఉండేవాడు. 1996 మార్చిలో టెలిఫోను మోగింది. "కేషా, నాయనా" అంది ఆల్బినా. తైసియా అలవాటుగా సూపు దించేసింది. కానీ ఈసారి ఎవరికీ జబ్బు చెయ్యలేదు. కేషాకు అరవై నిండుతున్నాయట, గౌరవ ప్రదర్శన వేద్దామంటున్నారట, ఏ వేషం కావాలో కోరుకోమన్నారట.

ఇన్నాళ్ళకు దేవుడు కళ్ళు తెరిచాడు అనుకుంటాం కదా. కోరుకోమంటే ఈ మనిషి ఏం కోరుకున్నాడు? ఎవరూ కట్టని వేషం, కొత్త నాటకం, ఏదైనా కోరుకోవచ్చు. "ముసలి వర్తకుడు" అన్నాడు. మా ఊళ్ళో ప్రతి ముసలమ్మకూ కంఠతా వచ్చిన నాటకం, లెదెన్యోవ్ ముద్ర పడిన వేషం. ఎందుకంటే ఆ పూలు ఆయన మనసులో ఇరవై ఏళ్ళుగా వాడలేదు. ఆ చప్పట్లు నావే అని ఒక్కసారి రుజువు చేసుకోవాలనుకున్నాడు. పైకి చెప్పలేదు, కానీ అదే.

వార్షికోత్సవానికి ఎలాగూ ఆడాల్సిందే గనుక వదీమ్ ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. "నాకు లెదెన్యోవ్‌ని చూపించకండి ఇన్నొకెంతీ సావిచ్. నేనాయన్ని చూళ్ళేదు, చూడాలనీ లేదు. మీ వర్తకుణ్ణి చూపించండి." తండ్రిపేరుతో పిలిచినందుకు కేషాకు కళ్ళు చెమర్చాయి. షరతు సంగతి అప్పుడు బుర్రకెక్కలేదు.

టైపు చేసిన వేషం కాగితాలు చంకలో పెట్టుకుని వస్తుంటే బస్‌స్టాపు దగ్గర జారి మంచులో పడ్డాయి. వేషం కింద పడితే దాని మీద కూర్చుని గాని తియ్యకూడదు, లేకపోతే ఆ నాటకం మన్ను కొట్టుకుపోతుంది. మా నటులందరికీ ఆ పట్టింపు ఉంది. కేషా ఆ బురదమంచులో, కాగితాల మీద చతికిలబడ్డాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు గుండెపోటేమో అనుకుని చేతులు పట్టి లేపబోతే, ఆగండాగండి అని ఇంకాసేపు కూర్చున్నాడట. ఏదీ తక్కువ చెయ్యకూడదని ఆయన ఆరాటం.

రిహార్సల్స్ మొదలయ్యాయి. మొదటి రోజు అందరూ బల్ల చుట్టూ కూర్చుని చదువుకున్నారు. నడకలు మొదలయ్యాక తెలిసింది అసలు బాధ. మూడో అంకంలో ఒక ఘట్టం ఉంది. వర్తకుడు సమోవార్ పక్కన, అంటే నిప్పులు వేసి టీ నీళ్ళు కాచే కుళాయి పాత్ర పక్కన, కూర్చుని టీ తాగుతుంటాడు. కూతురు వచ్చి, గుమాస్తాతో వెళ్ళిపోతున్నానని చెబుతుంది. జీవితమంతా ఎవరికీ ఏదీ వదలని మనిషి. లెదెన్యోవ్ అక్కడ గ్లాసు ఖాళీ చేసి, సాసరు మీద బోర్లించేవాడు. మాలో అలా బోర్లిస్తే ఇక చాలు, పొయ్యొద్దు అని. బోర్లించి, చప్పట్లు ఆగేదాకా ఆగి, "వెళ్ళు" అనేవాడు. మా ఊళ్ళో ఇళ్ళలో కూడా జనం గ్లాసు బోర్లించి "వెళ్ళు" అని వేళాకోళం చేసుకునేవారు. ఆ గ్లాసు కోసమే టికెట్టు కొనేవారు.

కేషా ఆ ఘట్టానికి రాకముందే, మొదటి అంకంలోనే వదీమ్ ఆపాడు.

"ఆ దగ్గు ఎవరిది?"

"లెదెన్యోవ్‌ది."

"ఆ భుజం ఎగరెయ్యడం?"

"అది ఆయనది కాదండి. ఆయనకు ముందు చేసినాయనది. లెదెన్యోవ్ ఆయన దగ్గర తీసుకున్నాడు."

"మరి మీదేది?"

కేషా తన భుజంకేసి తనే చూసుకున్నాడు. వర్తకుడి కూతురి వేషం వేస్తున్న రిమ్మా పక్కకు తిరిగి జడ సర్దుకుంది. చూడలేక.

రాత్రనక పగలనక ఆయన వెతుక్కున్నాడు. లెదెన్యోవ్ ఎడమకాలితో లేస్తే తను కుడికాలితో లేచాడు. ఆయన గట్టిగా అరిచిన చోట గొంతు తగ్గించాడు. "ఇది తిరగేసిన లెదెన్యోవ్" అన్నాడు వదీమ్. పాత నటులను ఒక్కొక్కరినీ బయటికి తీశాడు, ఒకరి నడక, ఇంకొకరి నవ్వు. ఆయనకు తెలియకుండానే వస్తున్నాయి, వచ్చాక ఎవరివో గుర్తుపట్టి తనే తిట్టుకునేవాడు. ఇంట్లో అద్దం ముందు నిలబడితే అద్దంలో ఇరవై ఎనిమిది మంది కనిపిస్తున్నారు, లూచిన్ తప్ప.

"మీ నాన్నలా చెయ్యి కేషా, ఆయనా మొండి ముసలాడేగా" అంది తైసియా, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ.

"మా నాన్నలా చేస్తే అది మా నాన్నది అవుతుంది" అని ఆయన విరుచుకుపడ్డాడు. "నాకేదీ, నాది?"

తైసియా చాకు కింద పెట్టేసి వంటింట్లోంచి వెళ్ళిపోయింది. ఆమెకు మాత్రం ఏం తెలుసు, ఆయనకే తెలియనిది.

సెప్టెంబరు చివర ఆయన వదీమ్ గదికి వెళ్ళాడు. నావల్ల కావడం లేదు, నా బదులు ఇంకెవరినైనా పెట్టండి అన్నాడు. వదీమ్ మఫ్లరు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"బదులు వేసేవాడు ఈ నాటకశాలలో ఒక్కడే. అది మీరే. మీ బదులు ఎవణ్ణి తెమ్మంటారు?"

అదొక జవాబు. నిజమే గాని, ఏడవాలో నవ్వాలో తెలియదు. కేషా టోపీ పెట్టుకుని ఇంటికి నడిచాడు.

అక్టోబరు పన్నెండు, శనివారం, మొదటి ఆట. పోస్టరు మీద అచ్చులో, వేలెడు అక్షరాలతో, ఇన్నొకెంతీ లూచిన్. తైసియా ఆ వారం రోజులూ బజారుకు ఆ గోడ పక్క నుంచే వెళ్ళింది, అటు దూరమైనా. ఊళ్ళో గదులు వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టాలు ఇంకా తెరవలేదు, జనం కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. బాల్కనీ కూడా నిండింది. రెండు అంకాలు గడిచాయి. బాగానే ఉంది, అందరిదీ కాస్త కాస్త. వింగులో వదీమ్ మొహం చూడకుండా కేషా తల దించుకుని దాటిపోయాడు.

మూడో అంకం. సమోవార్, గ్లాసు. రిమ్మా వచ్చి నిలబడింది, చెప్పాల్సింది చెప్పింది. హాలంతా ఆ గ్లాసు కోసం చూస్తోంది. కేషా గ్లాసు పట్టుకున్నాడు. బోర్లించకూడదు, అది వదీమ్ తీర్మానం. మరి ఏం చెయ్యాలో రిహార్సల్స్‌లో ఆరు రకాలుగా చేశారు, ఆ ఆరూ ఆ క్షణాన మనసులోంచి కొట్టుకుపోయాయి. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క మాట మరిచిపోని మనిషి, ఏమీ గుర్తు లేకుండా కూర్చున్నాడు. ముందు భయం వేసింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. లెదెన్యోవ్ మీద, ఆల్బినా మీద, ఆ టెలిఫోను మీద, మొదటి నెలలో చెయ్యెత్తిన ఆ తలబిరుసు కుర్రాడి మీద. ఆ మంటలో ఆయన ఏదో చేశాడు. రిమ్మాకేసి చూసి "వెళ్ళు" అన్నాడు. ఆ మాట ఆయన చెవికే కొత్తగా వినపడింది.

హాలు నిశ్శబ్దమైపోయింది. చప్పట్లు లేవు. చప్పట్లు కొట్టడం ఎవరికీ తోచలేదు. తెర పడ్డాక ఒక్కసారిగా లేచారు.

వదీమ్ వింగులోకి పరుగెత్తుకొచ్చి ఆయన మెడ చుట్టూ చేతులు వేశాడు. "ఇదీ! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు దీన్ని? ఎల్లుండి కూడా ఇదే. వెంట్రుక కూడా మార్చకండి."

కేషా మేకప్పు తుడుచుకుంటూ నవ్వుతూనే అడిగాడు, "ఏం చేశానండీ?"

వదీమ్ చూడనే లేదు. ఆ సమయానికి ఒక దీపం మిణుకుమిణుకుమంటుంటే పైకి లైట్లవాడి దగ్గరికి ఉరికాడట. వచ్చేసరికి "వెళ్ళు" మాత్రం వినపడిందట, ఆ నిశ్శబ్దం వినపడిందట. అది చాలు అన్నాడు. కేషాకు చాలలేదు. రిమ్మాను అడిగాడు. ఆమెకు కళ్ళనిండా నీళ్ళొచ్చి ఏమీ కనపడలేదట. గ్లాసు తాగారనుకుంటాను అంది. లేదు, నా వైపు జరిపారేమో అంది. వింగులో మంటల డ్యూటీ మనిషి, గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారనీ, కాదు ఒక్క చెయ్యేననీ చెప్పి, నేను సమోవార్‌లో నిప్పులు చూసుకోవాలి గాని గ్లాసులు కాదుగా అని చిరాకుపడ్డాడు.

ఇంటికి నడుస్తూ తైసియాను అడిగాడు. ఆమె హాల్లో తలుపు దగ్గర నిలబడే ఉంది. ఆమె చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

తైసియా చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నేను జనాన్ని చూస్తున్నాను కేషా. ఇన్నేళ్ళకు నిన్ను చూసి ఏమంటారోనని వాళ్ళ మొహాలే చూస్తూ నిలబడ్డాను. మూడో వరసలో ఒకాయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అది చూశాను."

"నన్ను?"

"నిన్ను చూళ్ళేదు."

రోడ్డు మధ్య ఆగిపోయి ఆయన అరిచినంత పని చేశాడు. "ముప్పై ఎనిమిదేళ్ళు చీకట్లో నిలబడి ఒక్కొక్కడి చిటికెన వేలు ఎలా కదులుతుందో చూశాను తైసియా. నన్ను ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, చూసుండకూడదా?" తైసియా ఆయన చెయ్యి పట్టుకోబోతే విడిపించుకున్నాడు. తర్వాత తనే మళ్ళీ పట్టుకున్నాడు, మంచు పేరుకున్న చోట.

ఆదివారమంతా ఆ గ్లాసుతో కూర్చున్నాడు. వంటింటి బల్ల దగ్గర, అచ్చం అలాంటి గ్లాసు, అలాంటి సాసరు. తాగి చూశాడు. జరిపి చూశాడు. పట్టుకుని ఊరికే ఉండి చూశాడు. తైసియా రిమ్మా మాటలు చదివింది. ఏదీ అది కాదు. ఇంకెవరిదైనా అడగండి, నలభై ఏళ్ళనాటిదైనా ఇప్పుడే చేసి చూపిస్తాడు. తనది మాత్రం చేతికి రాలేదు. సాయంత్రానికి గ్లాసు కడిగి అరలో పెట్టేశాడు.

సోమవారం రెండో ఆట. ఊరంతా పాకింది కబురు, మొదటి నాడు ఏదో జరిగిందట అని. నిలబడి కూడా చూస్తున్నారు. మూడో అంకం వచ్చింది. రిమ్మా చెప్పాల్సింది చెప్పింది. కేషా గ్లాసు పట్టుకుని ఆగాడు. వస్తుందని ఆగాడు. ఆ కోపం వస్తుందేమో, ఆ ఖాళీ వస్తుందేమో అని. రాలేదు. శనివారం నాటి నిశ్శబ్దం వేరు, ఇది వేరు. బాల్కనీలో ఎవరో దగ్గారు. ముందు వరసలో ఒకావిడ చేతిసంచి తెరిచి మూసింది. రిమ్మా కళ్ళతోనే అడుగుతోంది, ఏమైంది ఇన్నొకెంతీ సావిచ్ అని.

అప్పుడు ఆయన చెయ్యి, ఆయన్ని అడక్కుండా, తనకు తెలిసిన పని చేసింది. గ్లాసు సాసరు మీద బోర్లించింది.

హాలు గుండె కుదుటపడింది. చప్పట్లు ముందు వరసల్లో మొదలై వెనక్కి, పైకి పాకాయి. మూడో వరసలో ఒక చెవిటి ముసలాయన పక్కనున్న భార్యతో చెవిటివాళ్ళు మాట్లాడే గొంతుతో అన్నాడు, "చూశావా, అచ్చం గ్లెబ్!" ఆ మాట వేదిక దాకా వినపడింది. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఆయన జీవితంలో అన్ని చప్పట్లు ఎప్పుడూ వినలేదు. రిమ్మా ఊపిరి పీల్చుకుంది.

చప్పట్లు ఆగేదాకా లెదెన్యోవ్ ఎలా కూర్చునేవాడో ఆయనకు తెలుసు. తల కొద్దిగా ఎడమకు వాల్చి, చూపు సమోవార్ కుళాయి మీద పెట్టి, అరచెయ్యి గ్లాసు అడుగు మీద ఉంచి. ఇన్నొకెంతీ సావిచ్ తల కొద్దిగా ఎడమకు వాల్చాడు. హాలు సద్దుమణిగాక "వెళ్ళు" అన్నాడు.